పోకీమాన్ వీడియో గేములు – తెలుగు జీవనామాలు: మంగళగిరి ప్రాంత నేపథ్యంలో పరిశీలన

వ్యాససారం

జీవులను వెతికి పట్టుకొని, వాటి పేర్లను, లక్షణాలను పట్టికలో చేర్చుకునే వీడియో గేములలో పోకీమాన్ శ్రేణి ప్రసిద్ధమైనది. 1996లో జపాన్‌లో మొదలైన ఈ శ్రేణిలో 2025 అక్టోబరు 16న ‘పోకీమాన్ లెజెండ్స్: జడ్-ఎ’ విడుదలైంది. ఈ ఆటల్లో పేరుపెట్టడం, గమనించడం, రూపం మారడం అనే మూడు అంశాలను ఈ వ్యాసం తెలుగు జీవనామాలతో పోల్చి వివరిస్తుంది. పత్తి, మిరప పండే మంగళగిరి పరిసరాల్లో పురుగును పేరుతో గుర్తించడం జీవనాధారానికి సంబంధించిన విషయం. కాబట్టి ఈ ఆట తెలుగులోకి వస్తే దాని పదజాలం పొలం నుంచి ఎందుకు రావాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: పోకీమాన్, జీవనామాలు, సమాసం, రూపవిక్రియ, పొలంబడి, మిత్రపురుగులు, మంగళగిరి.

1. ప్రవేశిక

పోకీమాన్ రూపకర్త సతోషి తజిరి 1965లో జన్మించాడు. టోక్యో శివారులోని మచిదాలో పెరిగాడు. చిన్నతనంలో పొలాలు, చెరువుల వెంట తిరుగుతూ పురుగులను సేకరించడం అతని వ్యాపకం. తోటి పిల్లలు అతన్ని పురుగుల డాక్టరు అని పిలిచేవారు. ఊరు నగరంగా మారి చెరువులు పూడిపోయాక, ఆ సేకరణలోని ఆనందాన్ని తరువాతి పిల్లలకు ఆట రూపంలో అందించాలనుకున్నాడు. 1996 ఫిబ్రవరి 27న ‘రెడ్’, ‘గ్రీన్’ అనే రెండు రూపాంతరాలతో తొలి ఆట వెలువడింది. అందులోని జీవులు 151. ఒక రూపాంతరంలో దొరికే కొన్ని జీవులు రెండోదానిలో దొరకవు. పట్టిక నిండాలంటే మరొక ఆటగాడితో జీవులను మార్చుకోవలసిందే. పెరట్లో దొరికిన పురుగును పక్కింటి పిల్లవాడి పురుగుతో మార్చుకునే బాల్యపు వాడుకే ఇక్కడ ఆట నియమమైంది. నేడు ఈ శ్రేణిలోని జీవుల సంఖ్య వెయ్యి దాటింది.

అంటే ఈ శ్రేణి మూలం పురుగుల సేకరణలో ఉంది. పురుగుతో నిత్యం వ్యవహరించే నేలపై నిలబడి చూస్తే, ఈ ఆటకు పెద్దలు సాధారణంగా ఇచ్చే ‘కాలక్షేపం’ అనే నిర్వచనం చాలదని తెలుస్తుంది.

2. ఆటలోని పని

ఈ ఆటలో ప్రధానంగా నాలుగు పనులున్నాయి: జీవి ఉండే చోటును కనిపెట్టడం, దాన్ని పట్టుకోవడం, పట్టికలో నమోదు చేయడం, పెంచి పోటీలో నిలపడం. పోటీకి ఆధారం జీవుల వర్గాలు. నిప్పు వర్గం పచ్చిక వర్గాన్ని, పచ్చిక వర్గం నీటి వర్గాన్ని, నీటి వర్గం నిప్పు వర్గాన్ని గెలుస్తాయి. ఇలాంటి వర్గాలు ప్రస్తుతం 18. ఏది దేనికి లొంగుతుందో తెలియనివాడు ఎంత బలమైన జీవిని పెంచినా ఓడిపోతాడు.

2022 జనవరి 28న వచ్చిన ‘లెజెండ్స్: ఆర్సియస్’ ఈ పద్ధతిలో ముఖ్యమైన మార్పు తెచ్చింది. అందులో జీవిని ఒకసారి పట్టుకున్నంత మాత్రాన దాని నమోదు పూర్తికాదు. అది చేసే దాడులను, దాని ప్రవర్తనను పదేపదే గమనించాలి. ‘లెజెండ్స్: జడ్-ఎ’ ఆ కోవలో రెండవది. పాత ఆటల్లో పోటీ వంతులవారీగా సాగేది. ఒకరు ఎత్తు వేసేవరకు మరొకరు ఆగేవారు. కొత్త ఆటలో ఆ విరామం లేదు. జీవి కదులుతూనే ఉంటుంది, ఆటగాడూ కదలాలి. అడవి జీవి నేరుగా ఆటగాడిపైకే రావచ్చు. దాని వెనుక నుంచి నక్కి వెళ్లాలా, పక్కకు తప్పుకోవాలా అనేది అప్పటికప్పుడు నిర్ణయించుకోవాలి. కాబట్టి పేరు తెలిస్తే చాలదు, నడవడిక కూడా తెలియాలి.

3. పేర్ల నిర్మాణం

పోకీమాన్ పేర్లు చాలావరకు రెండు పదాల కలయికలు. ‘పికాచు’లో ‘పికా’ మెరుపును సూచించే జపనీస్ ధ్వన్యనుకరణం, ‘చు’ ఎలుక చేసే శబ్దం. తెలుగువారు ‘కీచురాయి’ అన్నప్పుడు కూడా ముందు ధ్వనినే పట్టుకున్నారు. ఆంగ్లంలో ‘బల్బసార్’గా పిలిచే జీవికి జపనీస్ పేరు ‘ఫుషిగిదానె’. దానికి ‘వింత విత్తనం’ అనీ, ‘వింతగా ఉంది కదూ’ అనీ రెండర్థాలు వస్తాయి. ఇది స్పష్టమైన శ్లేష. ఆంగ్లంలో పామును తిరగేసి ‘ఎకాన్స్’ అన్నారు. తెలుగులో అక్షరాలు తిరగేస్తే ఆ పాము ‘ముపా’ అవుతుంది. అది ఎదిగి అయ్యే ‘ఆర్బాక్’కు త్రాచును తిరగేసి ‘చుత్రా’ అనవచ్చు.

ఈ పేర్ల విషయంలో వివిధ భాషలు రెండు మార్గాలు అనుసరించాయి. ఫ్రెంచ్, జర్మన్ అనువాదకులు చాలా జీవులకు తమ భాషలో కొత్త పేర్లు కల్పించారు. ‘బల్బసార్’ ఫ్రెంచ్‌లో ‘బుల్బిజార్’, జర్మన్‌లో ‘బిసాసామ్’. స్పానిష్, ఇటాలియన్ అనువాదాలు దాదాపుగా ఆంగ్ల రూపాలనే నిలుపుకొన్నాయి. 2016 డిసెంబరులో భారతదేశంలో అధికారికంగా విడుదలైన ఫోన్ ఆట ‘పోకీమాన్ గో’కు 2023లో హిందీ తోడైంది, అక్కడ ఎక్కువ పేర్లు ఆంగ్ల రూపాల లిప్యంతరీకరణలే. ప్రధాన శ్రేణి ఆటల్లో ఇప్పటివరకు ఏ భారతీయ భాషా లేదు. తెలుగు డబ్బింగుతో ప్రసారమైన టెలివిజన్ ధారావాహిక కూడా జీవుల పేర్లను ఆంగ్ల రూపాల్లోనే ఉంచింది.

తెలుగుకు ఈ విషయంలో శక్తి లోపం లేదు. తెలుగు జీవనామాల్లో కనీసం ఆరు పద్ధతులు కనిపిస్తాయి. రూపాన్ని బట్టి అక్షింతల పురుగు, పిండినల్లి. రంగును బట్టి తెల్లదోమ, పచ్చదోమ. పనిని బట్టి కాయతొలిచే పురుగు. కాలాన్ని బట్టి ఆరుద్ర పురుగు. ధ్వనిని బట్టి కీచురాయి. మనుషుల వృత్తులను, కులాలను బట్టి వడ్రంగిపిట్ట, కుమ్మరి పురుగు, గొల్లభామ, వంగి లేస్తూ నడిచే దాసరి పురుగు. బాలవ్యాకరణంలో చిన్నయసూరి సమాసాలను సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రం అని విభజించాడు. పై పేర్లలో ఎక్కువ భాగం దేశ్య, తద్భవ పదాలతో ఏర్పడిన ఆచ్ఛిక సమాసాలు. పత్తికి చేటు తెచ్చే ‘గులాబీరంగు పురుగు’ పేరులోని గులాబీ పార్శీ నుంచి వచ్చింది. జీవికి పేరు పెట్టేటప్పుడు తెలుగు రైతు పరాయి పదాన్ని కాదనలేదు. తన వాక్యంలో ఇమిడితే చాలనుకున్నాడు.

ఒక భేదాన్ని మాత్రం గమనించాలి. పోకీమాన్ పేర్లలో పదాలు తరచు తెగి, ముక్కలు అతుక్కుంటాయి. తెలుగు సమాసంలో సాధారణంగా పదాలు గుర్తుపట్టేలా నిలుస్తాయి. అందువల్ల తెలుగు పేరు వినగానే జీవి లక్షణం తెలుస్తుంది.

4. తొండ, ఊసరవెల్లి

ఈ ఆటలో జీవి ఒక దశకు చేరాక రూపం, పేరు మారతాయి. ఆంగ్లంలో దీనికి ‘ఇవల్యూషన్’ అని పేరు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆ పదానికి ‘పరిణామం’ అనేది సమానార్థకం. అయితే పరిణామం తరతరాలుగా, జాతి మొత్తంలో జరిగే మార్పు. ఆటలో జరిగేది ఒకే జీవి జీవితకాలంలో వచ్చే మార్పు. దానికి జీవశాస్త్ర పాఠాల్లో ‘రూపవిక్రియ’ అనే పదం సిద్ధంగా ఉంది. గొంగళి పురుగు ప్యూపాగా, ప్యూపా సీతాకోకచిలుకగా మారడం రూపవిక్రియ. ఆటలోని ‘కేటర్‌పీ’, ‘మెటాపాడ్’, ‘బటర్‌ఫ్రీ’ వరుస సరిగ్గా ఇదే. ఇక్కడ ఆంగ్ల పదాన్ని యథాతథంగా అనువదిస్తే పిల్లల మనసులో ఒక శాస్త్రభావన తప్పుగా నాటుకుంటుంది. ‘రూపవిక్రియ’ వాడితే అదే ఆట పాఠానికి తోడ్పడుతుంది.

వాడుక భాషలో ఇంతకన్నా చేరువైన ఆధారం ఉంది. నిప్పు వర్గానికి చెందిన ‘చార్‌మాండర్’ ఎదిగితే ‘చార్‌మీలియన్’ అవుతుంది. ఆ రెండో పేరులో ఊసరవెల్లికి ఆంగ్లపదం దాగి ఉంది. మొదటి జీవి జపనీస్ పేరు ‘హితొకాగె’. అందులో నిప్పు, బల్లి అనే పదాలున్నాయి. తెలుగులో దీన్ని ‘నిప్పుతొండ’ అంటే తరువాతి దశ పేరు వెతుక్కోనక్కరలేదు. ‘తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు’ అనే సామెత తెలుగువారందరికీ తెలిసిందే. ప్రకృతిలో తొండ ఎంత ముదిరినా ఊసరవెల్లి కాదు. సామెతలోనూ ఆటలోనూ అవుతుంది. శాస్త్రానికి, కల్పనకు మధ్య గీత ఎక్కడుందో బాలబాలికలకు చూపడానికి తరగతి గదిలో వాడదగిన ఉదాహరణ ఇది.

5. పొలంలో జీవపట్టిక

మంగళగిరి చుట్టూ, గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పత్తి, మిరప ప్రధాన వాణిజ్య పంటలు. ఈ పంటల్లో గుర్తింపు తప్పితే నష్టం రైతుదే. మిరప ఆకులు పైకి ముడుచుకుంటే దానికి కారణం తామర పురుగు. కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి. మొదటిది కీటకం, రెండోది ఎనిమిది కాళ్ల నల్లి. ఒకదానికి పనిచేసే మందు రెండోదానికి పనిచేయకపోవచ్చు. ‘పై ముడత’, ‘కింది ముడత’ అనే రెండు చిన్న మాటల్లో రైతులు ఈ విజ్ఞానాన్ని భద్రపరచుకున్నారు.

1980ల మధ్యకాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ముంచెత్తింది. మందుల మీద మందులు చల్లినా అదుపు కాలేదు. ఆ దశాబ్దం చివర ప్రకాశం జిల్లాలో పత్తిరైతుల బలవన్మరణాలు రాష్ట్రాన్ని కలచివేశాయి. 2021-22 పంటకాలంలో మిరపకు మరో కొత్త జీవి దాపురించింది. శాస్త్రవేత్తలు దాన్ని ‘త్రిప్స్ పార్విస్పైనస్’గా గుర్తించారు. పాత తామర పురుగు ప్రధానంగా ఆకులను ఆశిస్తే, ఇది పువ్వుల్లో చేరి పూతను రాల్చింది. తెలుగులో దీనికి ‘నల్ల తామర పురుగు’ అనే పేరు స్థిరపడింది. తెలిసిన పేరుకు ఒక విశేషణం చేర్చి, బంధుత్వాన్నీ భేదాన్నీ ఒకేసారి చెప్పిన నామకరణం ఇది.

ఆటలోని వర్గాల పట్టికకు వ్యవసాయ విస్తరణ భాషలో సమానమైనది ‘మిత్రపురుగులు – శత్రుపురుగులు’ అనే విభజన. అక్షింతల పురుగు పేనుబంకను తింటుంది, కాబట్టి మిత్రపురుగు. కానీ దాని పిల్లపురుగుకు పెద్దపురుగు పోలిక ఉండదు. నల్లగా, గరుకుగా కనిపిస్తుంది. రూపవిక్రియ తెలియని రైతు దాన్ని శత్రువనుకొని మందు చల్లితే, తన పక్షాన పోరాడే సైన్యాన్ని తానే చంపుకున్నట్టు.

ఈ పొరపాటును నివారించడానికి ఏర్పడిన పద్ధతి పొలంబడి. 1989లో ఇండోనేషియా వరిపొలాల్లో మొదలైన రైతు క్షేత్ర పాఠశాలల విధానం తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఈ పేరుతో అమలైంది. రైతులు జట్లుగా పొలంలోకి దిగి మొక్కలను పరిశీలిస్తారు. కనిపించిన పురుగులను సేకరించి, వాటి బొమ్మలను చార్టుపై గీసి, మిత్రులనూ శత్రువులనూ లెక్కిస్తారు. మందు అవసరమా కాదా అన్నది ఆ లెక్కను బట్టి తేలుస్తారు. పురుగులను సీసాల్లో ఉంచి, ఏది దేన్ని తింటుందో, ఏ దశ తరువాత ఏ రూపం వస్తుందో చూస్తారు. వెతకడం, పట్టడం, నమోదు, పోటీ అనే ఆటలోని నాలుగు పనులూ ఇందులో ఉన్నాయి. కాకపోతే ఇక్కడ ఓడితే పోయేది పంట.

6. పొలం నుంచి నగరానికి

‘లెజెండ్స్: జడ్-ఎ’ కథ మొత్తం లూమియోస్ అనే ఒక్క నగరంలో జరుగుతుంది. ప్యారిస్ స్ఫూర్తితో రూపొందిన ఈ నగరాన్ని పునర్నిర్మిస్తూ, మనుషులూ జీవులూ కలిసి ఉండేందుకు వీధుల నడుమ జీవులకు ప్రత్యేక ప్రాంతాలు కేటాయిస్తారు. పొడవైన పచ్చికలో జీవులను వెతకడంతో మొదలైన శ్రేణి ఇప్పుడు పూర్తిగా వీధుల్లోకి వచ్చింది. మచిదాలో తజిరి బాల్యం చూసిన మార్పు, దశాబ్దాల తరువాత ఆటకే కథావస్తువైంది.

మంగళగిరి ఇప్పుడు ఇదే మలుపులో ఉంది. రాజధాని అమరావతికి పొరుగున ఉన్న ఈ పట్టణం 2021లో తాడేపల్లితో కలిసి నగరపాలక సంస్థ అయింది. పొలం అంచున పెరిగిన పిల్లలకు ఆరుద్ర కార్తె వానకు ఎర్రని మఖమలులా నేలపై పాకే పురుగు పేరు అడగకుండానే తెలుస్తుంది. బహుళ అంతస్తుల భవనాల్లో పెరిగేవారికి ఆ పేరు ఎవరైనా చెప్పాలి.

ఈ ఆందోళనకు ఆధారమైన పరిశోధన ఒకటి ఉంది. 2002లో ‘సైన్స్’ పత్రికలో ఆండ్రూ బామ్‌ఫర్డ్, సహపరిశోధకులు బ్రిటన్‌లోని 109 మంది ప్రాథమిక పాఠశాల విద్యార్థులపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. ఎనిమిదేళ్ల పిల్లలు బొమ్మ చూసి పోకీమాన్ జీవులను సగటున 78 శాతం, స్థానిక జీవజాలాన్ని 53 శాతం సరిగా గుర్తించారు. పిల్లలకు జీవులను గుర్తుపెట్టుకునే శక్తి అపారంగా ఉందనీ, దాన్ని ప్రకృతి వైపు మళ్లించడంలో పెద్దలు వెనుకబడ్డారనీ ఆ అధ్యయనం సూచించింది. ఆటను నిషేధించడం దీనికి పరిష్కారం కాజాలదు. వెయ్యి కల్పిత నామాలను ఇష్టంగా నేర్చిన జ్ఞాపకశక్తికి వంద స్థానిక నామాలు బరువు కావు.

7. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. పోకీమాన్ శ్రేణి పురుగుల సేకరణ నుంచి పుట్టిన నామకరణ క్రీడ. దాని ప్రధాన క్రియలు పొలంబడిలోని క్రియలతో పోలుతున్నాయి.

2. జీవులకు పేరు పెట్టడంలో తెలుగుకు రూపం, రంగు, పని, కాలం, ధ్వని, వృత్తి ఆధారంగా సుస్థిరమైన సంప్రదాయం ఉంది. నల్ల తామర పురుగు ఆ సంప్రదాయం నేటికీ సజీవమని నిరూపిస్తుంది.

3. ఇలాంటి ఆటలు తెలుగులోకి వచ్చినప్పుడు లిప్యంతరీకరణతో ఆగకుండా సమాసం, శ్లేష, సామెతలను ఆశ్రయించవచ్చు. ‘రూపవిక్రియ’ వంటి శాస్త్రపదాలను సరైన చోట వాడాలి.

4. వ్యవసాయ విస్తరణ కరపత్రాల్లోనూ రైతుల వాడుకలోనూ ఉన్న పురుగుల పేర్లను, మండలాలవారీ భేదాలతో, తెలుగు శాఖల విద్యార్థులు సేకరించవలసి ఉంది. మంగళగిరి వంటి చోట్ల పొలాలు తరిగేకొద్దీ ఈ పేర్లు తెలిసినవారూ తగ్గుతారు. పత్తి, మిరప చేలు ఇంకా కనుచూపు మేరలో ఉన్నప్పుడే జరగవలసిన సేకరణ ఇది.