ఆధునిక అరబ్బీ నవలలో పౌరుషాదర్శము

అరబ్బీ భాషలో 'రజుల్' అనగా పురుషుడు. దానికి సంబంధించిన 'రుజూలా' అను పదము ధైర్యము, కుటుంబపోషణ సామర్థ్యము, మానరక్షణము మొదలగు గుణముల నన్నిటిని బోధించును. మన 'పౌరుషము' దీనికి సమీపార్థకము. ఈ యాదర్శము వలన స్త్రీలకు కలిగిన బాధను గూర్చి విమర్శకులు విశేషముగా చర్చించియున్నారు. అది పురుషునకే యెట్లు కీడు చేయునో మూడు నవలల యాధారమున నిచట పరిశీలింతుము.

మొదటిది పాలస్తీనా రచయిత గస్సాన్ కనఫానీ (1936-1972) 1960ల తొలినాళ్లలో వెలువరించిన 'రిజాల్ ఫిష్షమ్స్' (ఎండలో పురుషులు). ముగ్గురు పాలస్తీనీయులు ఖాళీ నీటి ట్యాంకరులో దాగి బస్రా నుండి కువైట్‌కు పోవుచుందురు. వాహనము నడపు అబుల్ ఖైజురాన్ 1948 యుద్ధమున గాయపడి పుంస్త్వము కోల్పోయినవాడు. సరిహద్దు ఠాణాలోని ఉద్యోగి, బస్రా నర్తకితో అతనికి గల ప్రణయమును వర్ణింపుమని పరిహాసముగా నిలిపివేయును. అతడు నిజము చెప్పలేడు; వెంటనే తప్పించుకొనను లేడు. ఆ కొద్ది నిమిషములలో ట్యాంకులోని మువ్వురును ఎండవేడికి మరణింతురు. ఈ నవలను నాయకత్వవైఫల్యమునకు ప్రతీకగా వ్యాఖ్యానించుట ప్రసిద్ధము, సమంజసము కూడ. కాని యా యాలస్యమునకు కారణము మగతనమును గూర్చిన ముచ్చట యగుట గమనింపదగినది.

లెబనాన్ రచయిత్రి హుదా బరకాత్ రచించిన 'హజర్ అద్దహిక్' (నవ్వుల రాయి, 1990) అంతర్యుద్ధకాలపు బేరూత్ కథ. ఖలీల్ మృదుస్వభావుడు. తుపాకి పట్టక, పోరు సద్దుమణగినపుడెల్ల తన గదిని శుభ్రపఱచుకొనుచుండును. అతడు ప్రేమించిన యువకులు హతులగుదురు. తుదకతడు ఆయుధధారియై స్త్రీని చెఱచువాడగును. లోకము మెచ్చు పురుషుడగుటకు అతడు చెల్లించిన మూల్యము తన హృదయమే.

ఈజిప్టు రచయిత అలా అల్ అస్వానీ 2002లో ప్రకటించిన 'ఇమారత్ యాకూబియాన్' (యాకూబియాన్ భవనము)లో తాహా కావలివాని కుమారుడు. తండ్రి వృత్తి కారణముగా పోలీసు శిక్షణాలయమున ప్రవేశము లభింపదు. పిమ్మట నిర్బంధమున చిత్రహింసకును, మానభంగమునకును గురియగును. పురుషునకట్టి యవమానము జరిగెనని చెప్పుకొనుట దుస్సహము. ఆ వేదన ప్రతీకారరూపము దాల్చి యతనినే బలిగొనును.

ఈ కథలను అరబ్బుల జాతిస్వభావమునకు నిదర్శనములుగా చదువుట పొరపాటు. దేశభ్రష్టత, అంతర్యుద్ధము, పోలీసు దౌర్జన్యము అను చారిత్రక కారణములు మూడింటను స్పష్టముగా నున్నవి. అవి పురుషునినుండి పోషణ, రక్షణ, గౌరవములకు వలయు సాధనములను హరించినవి. ఆదర్శము మాత్రము సడలలేదు. సాధనము లేని యాదర్శమే యిచట శిక్షయైనది. పైగా అది దుఃఖమును వెల్లడించు భాషను పురుషునకు నిషేధించినది. ఖైజురాన్ మౌనము, ఖలీల్ క్రౌర్యము, తాహా ప్రతీకారము ఆ నిషేధము యొక్క ఫలములే. కావున ఈ నవలలందలి హింసను పరిశీలించు పరిశోధకులు, అది యెవరిపై జరిగినదను ప్రశ్నతో పాటు, అంతకుముందు చెప్పుకొనరాని దేమి గలదను ప్రశ్నను కూడ వేసికొనవలెనని మా యభిప్రాయము.