పొలము గట్టున టెలిఫోను

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున లాంకాస్టర్ అను జిల్లా గలదు. అచ్చటి పల్లెదారుల వెంట పోవువారికి పొలముల అంచున చిన్న చెక్కగది యొకటి అక్కడక్కడ కానవచ్చును. లోపల నున్నది టెలిఫోను. ఇంటిలో నుండవలసిన వస్తువును ఇంత దూరమున నేల నుంచిరి?

ఆ గదులు ఆమిష్ క్రైస్తవులవి. 1693లో యాకోబ్ అమ్మన్ అను బోధకుని అనుసరించి స్విట్జర్లాండ్, అల్సాస్ ప్రాంతములలో వేరుపడి, 18వ శతాబ్దమున అట్లాంటిక్ దాటి వచ్చిన రైతుల సంతతి వారు. నేడు 3.5 లక్షలకు పైబడి యున్నారు. గుఱ్ఱపు బండ్లలో తిరుగుదురు. ఇండ్లకు విద్యుత్తు తీగలు రానీయరు.

అంతమాత్రమున వారిని యంత్రద్వేషులనుట పొరపాటు. వారి వడ్రంగిశాలలు పెక్కింట రంపములు గాలి ఒత్తిడితో నడచును. ఆ గాలిని నింపునది డీజిల్ ఇంజను. సొంత కారు కూడదు గాని, బాడుగ యిచ్చి పరుల కారులో పోవచ్చును. ఇది ఆత్మవంచన యని నాకును మొదట తోచినది.

కాని వారి ప్రశ్న వేరు. ఈ వస్తువు పాపమా యని కాదు. ఇది వచ్చినచో ఇంటిల్లిపాదియు కలిసి కూర్చుందురా, పొరుగువాని గడప తొక్కుదురా యని. కారు మనిషిని ఊరు దాటించును. గుఱ్ఱము ఊరిలోనే నిలుపును. ఇంట టెలిఫోను మ్రోగినచో ఎదుట నున్నవానిని విడిచి లేవవలెను. పొలము గట్టున నున్నచో పశువైద్యుని పిలుచుటకు నడచిపోవచ్చును. లాంకాస్టర్ సంఘములు ఇంటిలోపలి టెలిఫోనును కాదనినది 1910 ప్రాంతమున. మా యింట నేడు భోజనమువేళ నలుగురి చేతులలోను నాలుగు ఫోనులుండుట చూచినపుడెల్ల ఆ చెక్కగది నాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

లోకపు పోకడల ననుసరింపవలదని రోమీయులకు వ్రాసిన లేఖ 12వ అధ్యాయమున పౌలు చేసిన బోధ వారికి ఇట్టి చిన్న సంగతులలో ఆచరణమగుచున్నది. నిర్ణయము వ్యక్తిది కాదు, సంఘముది. ఏటికి రెండుమార్లు, ప్రభు సంస్కారమునకు ముందు, సభ కూడి నియమములను సరిచూచుకొందురు. అందుచే ఒక సంఘమున చెల్లునది పక్క సంఘమున చెల్లకపోవచ్చును.

దీనికి వెల లేకపోలేదు. పిల్లల బడిచదువు 8వ తరగతితో ముగియును. మతస్వాతంత్ర్యము పేర 1972లో అమెరికా సుప్రీంకోర్టు దీనికి సమ్మతించినది. బాప్తిస్మము పొందిన పిమ్మట నియమము తప్పి, పశ్చాత్తాపపడనివానిని వెలివేయుదురు. అంతటి వెల నేను చెల్లింపజాలను. రేడియోను గడప తొక్కనీయని వారిని గూర్చి రేడియోలో ముచ్చటించుటయు వింతయే.

సెల్‌ఫోను వచ్చిన పిదప వారికిని చిక్కు వచ్చిపడినది. పనులకై దూరము పోవు వడ్రంగులు వ్యాపారమునకని దానిని జేబులో నుంచుకొనుచున్నారు. కొన్ని సంఘములు నిషేధించినవి. కొన్ని చూచియు చూడనట్లున్నవి. దానికి గది యెచ్చట కట్టవలెనో వారింకను తేల్చుకొనలేదు.