కొత్త బ్యాటరీ కొనే ముందు మీటరు పెట్టించండి

‘అన్నా, సెల్ఫ్ కొడితే టక్‌టక్‌మంటోంది తప్ప ఇంజను తిరగట్లేదు. కొత్త బ్యాటరీ వేసెయ్!’

జగ్గయ్యపేటలో కార్ల కరెంటు పని చేసే నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అనే మాట ఇదే. చిన్న కారు బ్యాటరీకే నాలుగైదు వేలవుతుంది. పత్తి అమ్మిన డబ్బో, పిల్లలు పంపిన డబ్బో అందులో పోతుంది. తీరా చూస్తే ఆ బ్యాటరీల్లో చాలావాటికి ఇంకా ప్రాణం ఉంటుంది. చార్జింగ్ సరిగ్గా అందకో, ఆపి ఉంచిన కారులో కరెంటు ఎక్కడో ఖర్చవుతూనే ఉండటం వల్లో దిగిపోయి ఉంటాయి. ఆ కారణం పట్టుకోకుండా కొత్తది బిగిస్తే అదీ నాలుగు రోజుల్లో అదే దారి పడుతుంది. అందుకే నేను ముందు మీటరు తీస్తాను. ఆ మీటరు చెప్పే లెక్క కారున్న ప్రతి ఇంటికీ తెలియాలని నా కోరిక.

చెరువెంత, తూమెంత?

కారు బ్యాటరీ 12 వోల్టులది. లోపల ఆరు గదులుంటాయి. ఒక్కో గది రెండు వోల్టులకు కాస్త ఎక్కువ ఇస్తుంది. ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేసిన సీసం, ఆమ్లం బ్యాటరీయే దీనికి మూలం. మన తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా వాళ్లు తయారుచేసే అమరాన్ కారు బ్యాటరీల్లోనూ పనిచేసేది ఆ రసాయనమే.

బ్యాటరీ మీద రెండు అంకెలు చూడాలి. చిన్న పెట్రోలు కార్లకు సాధారణంగా 35 ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్ల బ్యాటరీ వస్తుంది. 1.75 ఆంపియర్ల చొప్పున వాడితే 20 గంటలు వస్తుందని దాని అర్థం. ఇది చెరువులో నీటి నిల్వ. రెండోది సీసీఏ. గడ్డకట్టే చలిలోనూ ఒక్క ఊపున ఎంత కరెంటు ఇవ్వగలదో అది చెబుతుంది. ఇది తూము వెడల్పు. బ్యాటరీని దిగిపోయిన స్థితిలో వారాల తరబడి వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. అది చెరువులో పూడిక లాంటిది. నిల్వా తగ్గుతుంది, తూమూ మూసుకుపోతుంది.

సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. అంత కరెంటు చూసి భయపడతాం కానీ, అది లాగేది రెండు సెకన్లే. మొత్తం ఖర్చు ఒక ఆంపియర్ అవర్‌లో పదో వంతు కూడా ఉండదు. అదే డిక్కీలో ఐదు వాట్ల బల్బు ఆరకుండా ఉండిపోతే రోజుకు 10 ఆంపియర్ అవర్లు తింటుంది. వందసార్లు సెల్ఫ్ కొట్టినా అంత ఖర్చవదు. హెడ్‌లైట్లు రెండూ వదిలేస్తే 35 ఏహెచ్ బ్యాటరీ నాలుగు గంటలు కూడా ఆగదు.

మూడు కొలతలు

మల్టీమీటరు మూడు నాలుగొందలకు దొరుకుతుంది. దాన్ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర తీగ ప్లస్‌కి, నల్ల తీగ మైనస్‌కి ఆనిస్తే చాలు.

మొదటి కొలత తెల్లవారాక, కారు తాకకముందు తీసుకోవాలి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12కు దిగితే పావు వంతే మిగిలినట్టు. అప్పుడే తిరిగొచ్చిన కారులో కొలిస్తే అంకె పైపైన ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మకూడదు.

రెండో కొలత సెల్ఫ్ కొడుతున్నప్పుడు. 9.6 కన్నా దిగకూడదు. పొద్దున 12.6 చూపించిన బ్యాటరీ సెల్ఫ్ కొట్టగానే ఎనిమిదికి పడిపోతే దానికి నిజంగానే వయసైపోయింది. బ్యాటరీ మీద అంకె బాగానే ఉండి సెల్ఫ్ నీరసంగా తిరిగితే టెర్మినళ్లు చూడండి. తెల్లగా పొడి పట్టి, క్లాంపు వదులైతే మంచి బ్యాటరీ కూడా పనిచేయదు.

మూడోది ఇంజను నడుస్తున్నప్పుడు, అంటే డైనమో బ్యాటరీని చార్జ్ చేస్తున్నప్పుడు. మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 దగ్గరే ఆగితే బెల్టో డైనమోనో చూపించాలి. 15 దాటితే రెగ్యులేటరు పాడై బ్యాటరీని ఉడకబెడుతున్నట్టు. మైనస్ టెర్మినల్ దగ్గర సెన్సారు ఉన్న కొత్త కార్లు అవసరాన్ని బట్టి చార్జింగ్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. వాటి విషయంలో ఒక్క కొలతతో తీర్పు చెప్పకూడదు.

దొంగ ఖర్చు

నందిగామ నుంచి ఒక పత్తి వ్యాపారి కారును తాడు కట్టించి లాక్కొచ్చారు. కొత్త బ్యాటరీ వేసి నెల కాలేదు. రెండు మూడు రోజులు తీయకపోతే చాలు, సెల్ఫ్ తిరగట్లేదు. చార్జింగ్ కొలిస్తే 14.2, దానికి వంక లేదు. ఇక మిగిలింది ఆపి ఉంచినప్పటి ఖర్చే.

బానెట్ తెరిచి, తలుపు లాకును స్క్రూడ్రైవరుతో నొక్కి పెట్టాను. తలుపు వేసే ఉందని కారు అనుకోవాలి. తాళం చెవి దూరంగా పెట్టించి, మైనస్ తీగ ఊడదీసి, ఆ తీగకీ బ్యాటరీకీ మధ్య మీటరు కలిపాను. మీటరు తీగ 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండాలి. అలా ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే మీటరు ఫ్యూజు పోతుంది. మొదట రెండు ఆంపియర్లకు పైగా చూపించింది. అందులో వింత లేదు, కారులోని కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట దాకా పడుతుంది. ఆ తర్వాత 50 మిల్లీ ఆంపియర్ల లోపుకి రావాలి. ఇది 380 దగ్గర ఆగిపోయింది. అంటే రోజుకు తొమ్మిది ఆంపియర్ అవర్లు. మూడు రోజులకు బ్యాటరీ దాదాపు ఖాళీ.

ఇక ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయాను. ఒకటి తీయగానే మీటరు 30కి పడింది. ఆ తీగ వెంట వెళితే అద్దం దగ్గర తర్వాత పెట్టించిన కెమెరా దొరికింది. తాళం తీసినా ఆరని తీగకు దాన్ని అతికించారు. తాళం తిప్పితేనే కరెంటొచ్చే తీగకు మార్చి, బ్యాటరీని రాత్రంతా చార్జింగ్ పెట్టి, పొద్దున లోడ్ టెస్టు చేస్తే శుభ్రంగా ఉంది. ఆయన మూడో బ్యాటరీ కొనాల్సిన పని తప్పింది. మ్యూజిక్ సిస్టం, జీపీఎస్ ట్రాకరు, సెంట్రల్ లాకు... బయట బిగించిన ఏ వస్తువు మీదైనా ముందు ఇలాంటి అనుమానమే పడాలి.

ఎండ చేసే నష్టం

మా పడమటి కృష్ణా మెరక ప్రాంతం 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా ఎండ మారలేదు. నడివేసవిలో నందిగామ, జగ్గయ్యపేటల్లో 45 డిగ్రీలు కొత్త కాదు. బానెట్ కింద వేడి అంతకన్నా చాలా ఎక్కువ. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందని మా వృత్తిలో ఒక లెక్క. నీళ్లు ఆవిరవుతాయి, పలకలు దెబ్బతింటాయి. మే నెలలో తగిలిన దెబ్బ డిసెంబరు చలి పొద్దుల్లో బయటపడుతుంది. నీళ్లు పోసే రకమైతే వేసవిలో నెలకోసారి మూతలు తీసి చూసి, పలకలు మునిగేలా డిస్టిల్డ్ వాటరే పోయాలి.

దానికి తోడు ఇక్కడ ఎన్నో ఇళ్లలో పిల్లలు ఊళ్లో ఉండరు. అమ్మానాన్నల కోసం కొనిచ్చిన కారు పండక్కో, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి దర్శనానికో తప్ప గడప దాటదు. అంతా సవ్యంగా ఉన్న కారు కూడా 50 మిల్లీ ఆంపియర్ల చొప్పున రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు వాడుకుంటుంది. రెండు వారాల్లో 35 ఏహెచ్ బ్యాటరీ సగమవుతుంది. వాకిట్లోనే పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి ఆపితే అది నిండదు. వారానికోసారి హైవే ఎక్కి జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా, అంటే సుమారు 30 కిలోమీటర్లు, వెళ్లి రండి. అది కుదరకపోతే మైనస్ టెర్మినల్ విప్పి పెట్టండి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని మాత్రం డైనమో మీద వదలొద్దు. సామర్థ్యంలో పదో వంతు, అంటే 35 ఏహెచ్‌కి 3.5 ఆంపియర్లతో పది పన్నెండు గంటలు నెమ్మదిగా చార్జింగ్ పెట్టించాలి.

దారిలో ఆగిపోయి వేరే కారు సాయం తీసుకుంటే ఎర్ర కేబులు ప్లస్ నుంచి ప్లస్‌కి కలపండి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస మీ కారు ఇంజను ఇనుముకి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉంటుంది, ఆఖరి నిప్పురవ్వ అక్కడ రాలకూడదు.

నిజంగా బ్యాటరీ మార్చాల్సి వస్తే పాతది దుకాణంలోనే ఇవ్వండి. పగలగొట్టి సీసం తీసేవాళ్ల చేతికి పోతే ఆ విషం మన నేలలోకి, పిల్లల ఒంట్లోకి చేరుతుంది. కొత్తదానికి డబ్బిచ్చే ముందు మెకానిక్‌ని నాలుగు అంకెలు అడగండి: పొద్దున ఎంత, సెల్ఫ్‌లో ఎంత, చార్జింగ్ ఎంత, ఆపి ఉంచితే ఎంత. అది మీ డబ్బు, అడిగే హక్కు మీది. కొలిచి చెప్పడం మా పని.