బ్రేకు పెడల్ చాటున చిన్న స్విచ్

డ్రైవరు సీట్లో కూర్చున్నవారి కంటికి కనిపించని దీపం బ్రేకు లైటు. అది వెలగాల్సింది వెనక వచ్చేవారి కోసం. వెలగకపోయినా ముందు తెలిసేది వాళ్లకే, ఒక్కోసారి గుద్దుకున్నాక. దాన్ని వెలిగించే స్విచ్ గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు.

పాత కార్లు చాలావాటిలో ఈ స్విచ్ బ్రేకు ఆయిల్ దారిలోనే ఉండేది. పెడల్ తొక్కితే పెరిగిన ఆయిల్ ఒత్తిడే దాన్ని కలిపేది. తరవాత అది పెడల్ పక్కకే చేరింది. పెడల్ పైకి ఉన్నంతసేపూ స్విచ్‌లోని చిన్న పుల్ల నొక్కుకుని ఉంటుంది. కాలు పడగానే స్ప్రింగు దాన్ని బయటికి నెడుతుంది, లోపల రెండు లోహపు ముక్కలు తాకుతాయి, కరెంటు పారుతుంది.

ఆ వెలుగు విలువ ఎంతో 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో టాక్సీల మీద తేల్చి చూశారు. జాన్ వోవోడ్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 343 టాక్సీల వెనక, మధ్యలో అదనపు దీపం పెట్టించాడు. వెనకనుంచి గుద్దుకోవడాలు దాదాపు 60 శాతం తగ్గాయి. 1986 మోడల్ నుంచి అమెరికాలో కొత్త కార్లన్నిటికీ మూడో బ్రేకు లైటు తప్పనిసరి అయింది. దీపం అందరికీ అలవాటయ్యాక లాభం 4.3 శాతం దగ్గర నిలిచిందని 1998లో అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్క తేల్చింది. నాకది చిన్న అంకెగా తోచదు. డ్రైవరు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకుండానే, ఏటేటా అన్ని గుద్దులు తప్పుతున్నాయి!

ఈలోగా స్విచ్‌కు పని పెరిగింది. వేగాన్ని తనంతట తానే నిలకడగా ఉంచే క్రూజ్ కంట్రోల్ ఆగాలన్నా, ఆటోమేటిక్ గేరు పార్క్ నుంచి కదలాలన్నా, బటన్ నొక్కి ఇంజిన్ స్టార్ట్ చేయాలన్నా కారులోని కంప్యూటర్ ముందు ‘బ్రేకు మీద కాలుందా?’ అని చూస్తుంది. జవాబిచ్చేది ఈ స్విచ్చే. 2013లో హ్యుందాయ్, కియా కంపెనీలు అమెరికాలో సుమారు 17 లక్షల వాహనాలను ఈ స్విచ్ లోపం వల్లే రీకాల్ చేశాయి, అంటే బాగుచేయడానికి వెనక్కి పిలిచాయి. బ్రేకు లైట్లు వెలగకపోవడమే కాదు, పెడల్ తొక్కినా క్రూజ్ కంట్రోల్ వదలకపోయే ప్రమాదం కూడా ఉంది.

అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది 2019 నాటి సుబారు రీకాల్. ప్రపంచమంతటా దాదాపు 23 లక్షల కార్లు, అందులో 13 లక్షలు అమెరికాలోవే. కారణం బట్టలు మెత్తబరచడానికి వాడే ద్రవాలు, కారు పాలిష్‌లలాంటి వాటినుంచి వచ్చే సిలికోన్ ఆవిరి. సిలికోన్ అణువులో సిలికాన్, ఆక్సిజన్ ఒకదాని పక్కన ఒకటి గొలుసుగా ఉంటాయి. చిన్న గొలుసులు సులువుగా ఆవిరై గాలిలో తిరుగుతాయి. అవి స్విచ్ లోపలికి చేరాక, లోహపు ముక్కలు కలిసి విడిపోయేటప్పుడు లేచే సన్నని నిప్పురవ్వ వాటిని విడగొడుతుంది. మిగిలేది సిలికాన్ డయాక్సైడ్, అంటే ఇసుకలో, గాజులో ఉండే పదార్థమే. దాని గుండా కరెంటు పోదు. స్విచ్ విరగలేదు, తీగ తెగలేదు, పెడల్ మామూలుగానే కదులుతోంది. అయినా దీపం రాదు, ఇంజిన్ కూడా స్టార్ట్ కాకపోవచ్చు. రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లు, తయారుచేసేవారికి ఈ బెడద కొత్తది కాదు. స్విచ్‌లోని లోహపు ముక్కల దగ్గర సిలికోన్ వాడొద్దని హెచ్చరిస్తూనే ఉంటారు. ఆ జాగ్రత్త కారు లోపలికి చేరలేదు.

జనరల్ మోటార్స్ కథ వేరు. అక్కడ చెడింది వైర్ల కనెక్టరు. కనెక్టరులోని లోహాలు కంటికి కనిపించనంత స్వల్పంగా ఒకదానిమీద ఒకటి రాసుకుని, రాపిడికి లేచిన పొడి ఆక్సైడుగా మారి, కరెంటుకు అడ్డుపడింది. కంప్యూటర్‌కు తప్పు సంకేతం వెళ్లింది. బ్రేకు తొక్కితే లైటు రాకపోవడం, తొక్కకుండానే వెలగడం రెండూ జరిగాయి. 2009లో దాదాపు 8 వేల కార్లనే పిలిచారు. మిగతా 24 లక్షల వంతు 2014లో వచ్చింది, అప్పటికే 13 ప్రమాదాలు నమోదయ్యాయి. మందు ఏమిటంటే కనెక్టరుకు ప్రత్యేకమైన గ్రీజు! అంత సులువైన పనికి అయిదేళ్లు పట్టడం నాకు మింగుడుపడదు.

ఇలాంటి రీకాల్‌లకు మన దేశంలో 2012 నుంచి వాహన కంపెనీల సంఘం స్వచ్ఛంద నియమావళి ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 110ఎ సెక్షన్ చేరింది. లోపం నడిపేవారికో, రోడ్డు మీది ఇతరులకో హాని చేసేలా ఉంటే ఆ బండ్లను వెనక్కి పిలవమని కేంద్రం ఇప్పుడు ఆదేశించవచ్చు.

బ్రేకు తొక్కి బటన్ నొక్కినా బండి స్టార్ట్ కాకపోతే చాలామంది నేరుగా బ్యాటరీ మార్పిస్తారు. ఆ ఖర్చు పెట్టేముందు ఎవరినైనా వెనక నిలబెట్టి, పెడల్ తొక్కి, లైట్లు వస్తున్నాయో లేదో చూడమనండి.