ఉత్తరాంధ్రలో విశ్వవిద్యాలయ వికాసం: పంట పొలం నుంచి ప్రాంగణానికి

విశ్వవిద్యాలయ వికాసాన్ని భవనాలతో, శాఖల సంఖ్యతో కొలవడం పరిపాటి. ఉత్తర కోస్తాలో వ్యవసాయ విద్య ఆ వరుసలో రాలేదు. ఇక్కడ ముందు పంట, తరువాత పరిశోధన స్థానం, చాలా ఆలస్యంగా కళాశాల వచ్చాయి. అనకాపల్లిలో చెరకు పరిశోధన 1913లోనే ఆరంభమైంది. రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో ఏర్పడింది. శ్రీకాకుళం జిల్లా నైరలో వ్యవసాయ కళాశాల రావడానికి ఆ పైన మరో పాతికేళ్లు, అంటే 1989 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

ఈ ఆలస్యం విద్యార్థులకు నష్టమే. అయినా పరిశోధన మాత్రం నేలను విడిచి పోలేదు. రాగోలు స్థానం రూపొందించిన ఆర్.జి.ఎల్. 2537 వరి రకానికి 'శ్రీకాకుళం సన్నాలు' అని జిల్లా పేరే నిలిచింది. విజయనగరం స్థానం నుంచి భారతి (వి.ఆర్. 762), శ్రీచైతన్య (వి.ఆర్. 847) వంటి రాగి రకాలు వచ్చాయి. ఈ ప్రాంత రైతుకు అది రాగి కాదు, చోడి. వరి మాగాణుల్లో కోతకు రెండు మూడు రోజుల ముందే పదునులో మినుము, పెసర చల్లే అలవాటు ఇక్కడ బలంగా ఉంది. అందువల్ల వరి రకం కాలపరిమితిని దిగుబడితో పాటు, వెనుక వచ్చే అపరాలతో కూడా కలిపి చూడాలి. ఈ పాఠం స్థానిక పొలంలోనే బోధపడుతుంది.

సాధారణ విద్య మరో దారిలో నడిచింది. ఎచ్చెర్లలో 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయ స్నాతకోత్తర కేంద్రంగా మొదలైన సంస్థ 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయంగా రూపొందింది. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో ప్రారంభమైంది. దానికి తొలి దశలో మార్గదర్శిగా నిలిచినదీ ఆంధ్ర విశ్వవిద్యాలయమే.

ఇప్పుడు కొరత సంస్థలది కాదు, వాటి నడుమ రాకపోకలది. నైర, రాగోలు, ఎచ్చెర్ల మూడూ శ్రీకాకుళం పట్టణానికి చేరువలోనివే. వ్యవసాయ విశ్వవిద్యాలయ కేంద్ర కార్యాలయం మాత్రం గుంటూరు దగ్గరి లాంలో ఉంది. అనుమతుల కోసం అంత దూరం చూడక తప్పకపోయినా, ఒక పరిశోధక విద్యార్థికి రెండు ప్రాంగణాల నుంచి ఉమ్మడి మార్గదర్శనం కల్పించడం అసాధ్యమేమీ కాదు.

మన్యంలో ఈ అవసరం మరింత తీవ్రం. రాస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రం పరిధిలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తకు పోడు నేల స్వభావం తెలిసినంత మాత్రాన సరిపోదు. సవర రైతు తన విత్తనాన్ని ఏ పేరుతో పిలుస్తాడో, దేనిని ఎందుకు దాచుకుంటాడో తెలియాలి. గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకోవడం మొదలుపెట్టిన నాటికి ఈ ప్రాంతంలో విశ్వవిద్యాలయమే లేదు. నేడు భాషాధ్యయనానికి, చోడి పరిశోధనకు వేర్వేరు ప్రాంగణాలున్నాయి. గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమంలో పల్లెలకు వెళ్లే నైర విద్యార్థుల వెంట ఒక గిరిజన విశ్వవిద్యాలయ విద్యార్థిని కూడా పంపగలిగితే, కలసి పనిచేయడానికి అదే తొలి అడుగు కావచ్చు.