సముద్రగర్భమునందలి సూక్ష్మజీవులు

వర్షాకాలమున ధవళేశ్వరముకడ నిలిచి వరదగోదావరిని చూడని వారు మన పాఠశాలలో నరుదు. ఎఱ్ఱని నీటితో ఆకులు, గడ్డిపోచలు, కుళ్లిన వేళ్లు, ఒండ్రుమట్టి కలిసి గౌతమీ వసిష్ఠ శాఖల మీదుగా బంగాళాఖాతమును చేరుచుండును. వేలయేండ్లనుండి యిట్లు చేరుచున్న చెత్తతో సముద్రమేల నిండిపోలేదని మా తరగతిలో నొక బాలుడు ప్రశ్నించెను. అందులకు ప్రత్యుత్తరముగా నీ వ్యాసమును వ్రాయుచున్నాము.

నది తెచ్చునది కొంతమాత్రమే. ఎండ సోకు పైనీటిలో కంటికి కానరాని మొక్కలు కోట్లకొలదిగా పెరుగును. వాని కళేబరములును, వానిని తిను చిన్నజంతువుల మలమును జిగురుచే నొకదానికొకటి యంటుకొని, తెల్లని తునకలై రేయింబవళ్లు క్రిందికి రాలుచుండును. దీనినే శాస్త్రజ్ఞులు సముద్రపు మంచు అందురు. అయినను పైనీటిలో పుట్టిన పదార్థమున నూటికి సుమారొక వంతే లోతైన యడుగును చేరును. తక్కినదానిలో కొంత చిన్నజంతువులు తినగా, చాలభాగము బాక్టీరియా యను సూక్ష్మజీవులపాలగును.

వేయి బాక్టీరియాలను వరుసగా పేర్చినను నొక మిల్లీమీటరునకు మించదు. వానికి నోరు లేదు, పండ్లు లేవు. మఱి యెట్లు తినును? అన్నపు మెదుకును చాలసేపు నమలినచో తియ్యనగుట మీరెఱుగుదురు. అది లాలాజలములోని ఎంజైము చేయు పని. బాక్టీరియాలు నట్టి ఎంజైములనే తమ దేహము వెలుపలికి స్రవించి, తునకను కరగించి, ఆ రసమును పీల్చుకొనును. కొంత రసము నీటిలోనికి జాఱిపోయి, చుట్టుపట్ల తేలుచున్న యితర బాక్టీరియాలకు భోజనమగును. మన పల్లెలలో పెంటపోగు ఎరువగునట్లే, యీ తునకలోని నత్రజని, భాస్వరము మరల నీటిలో కలియును. అవి ప్రవాహములచే పైకి వచ్చినప్పుడు మొక్కలకు ఆహారమగును. ఆ మొక్కలమీదనే చేపలు, చేపలమీద మన జాలరులు ఆధారపడియున్నారు.

ఇక నొక లెక్క. దినమునకు 20 మీటర్లు దిగు తునక 2,000 మీటర్ల లోతు చేరుటకు 100 దినములు పట్టును. 100 మీటర్లు దిగు తునకకు 20 దినములు చాలును. త్వరగా దిగినదానిని తినుటకు బాక్టీరియాలకు వ్యవధి చాలదు. 1987లో భారత, జర్మను శాస్త్రజ్ఞులు బంగాళాఖాతములో గరాటులవంటి పరికరములను వ్రేలాడదీసి, రాలు తునకలను పట్టిరి. నదులు తెచ్చిన మట్టిరేణువులు తునకలకంటుకొని, బరువెక్కించి, వేగముగా ముంచునని వారు తలంచిరి. చేదకు బరువు కట్టినట్లన్నమాట.

ఇందొక ప్రమాదము పొంచియున్నది. తునకలను తిను బాక్టీరియాలు మనవలెనే ప్రాణవాయువును పీల్చి, బొగ్గుపులుసువాయువును విడుచును. బంగాళాఖాతమున నదుల మంచినీరు ఉప్పునీటిపై మూతవలె పఱచుకొనుటచే పైగాలి లోనికి చక్కగా కలియదు. కావున సుమారు 100 మీటర్లనుండి కొన్ని వందల మీటర్ల లోతువఱకు ప్రాణవాయువు మిక్కిలి కొఱతగా నున్నది. అరేబియా సముద్రములో నట్టిచోట బాక్టీరియాలు నత్రితములను వాయువుగా మార్చి పోగొట్టుచున్నవి. మన సముద్రమున మిగిలిన లేశమాత్రపు ప్రాణవాయువే యా నష్టమును చాలవఱకు ఆపుచున్నదని 2017లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. ఆ లేశమును పోయినచో ఎరువు నష్టమగును.

ఎగువ జలాశయముల వలన గోదావరి తెచ్చు ఒండ్రు తగ్గినది. మన పొలముల ఎరువులు మురుగుకాలువలగుండ కడలికి పోవుచున్నవి. కావున తల్లిదండ్రులారా, చేనికి వలసినంత ఎరువే వేయుడు. బాలబాలికలారా, కాలువలలో చెత్త వేయకుడు. ఐదు రొట్టెలు పంచిన ప్రభువు మిగిలిన ముక్కలను సయితము వ్యర్థము కానీయలేదు. ఆయన సృష్టిలో కంటికి కనబడని యీ సేవకులును ముక్కలను కూర్చుచునేయున్నారు. వారి పనికి మనము విఘాతము కలిగింపకుందుము గాక.