శీతకాలమున పంచాయతీ ట్రాక్టరు: డీజిలు, ఆయిలు, సీసా మందులు

మెదక్ జిల్లాలోని నిజాంపేట పరిసర గ్రామములలో కార్తికము దాటగనే చలి ముదురును. డిసెంబరు, జనవరి మాసములలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువకు పోవుచుండును. యాసంగి నారుమడులు చలికి ఎర్రబారు దినములవి. ఆ దినములలోనే పంచాయతీ ట్రాక్టరు ఉదయమున ఒక పట్టున స్టార్టు కాక మొరాయించును. ట్రాక్టరు కదలనిచో ఊరి చెత్త వీధులలోనే మిగిలిపోవును. నీటి ట్యాంకరు కదలదు, నాటిన మొక్కలకు నీరందదు.

తెలంగాణ రాష్ట్రమున 2019 సెప్టెంబరు 6వ తేదీన ప్రారంభింపబడిన పల్లెప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూర్చుకొన్నవి. అనేక పంచాయతీలకు ఇంత విలువగల యంత్రము మరియొకటి లేదు. కావున దానిలో పోయు డీజిలును గురించి, ఆయిలును గురించి తెలిసికొనుట డ్రైవరు పని మాత్రమే కాదు. బిల్లును ఆమోదించు సభ్యుల పని కూడ.

చలికాలము రాగానే ఒక ప్రశ్న పంచాయతీ యెదుటికి వచ్చును. “డీజిలు చిక్కబడుచున్నది, అందులో కలుపు మందు కొనవలె”నని డ్రైవరు కోరును. దుకాణదారుడు రంగురంగుల సీసాలు చూపును. కొనుడని ఒక సభ్యుడనును, వృథా ఖర్చని మరియొకరందురు. ఇరువురిలో ఎవరి మాట సరియైనదో తేల్చుకొనుటకు వలసిన విషయములను మేమిచ్చట వివరింపదలచితిమి.

చలికి డీజిలు గడ్డకట్టునా?

శీతకాలమున కొబ్బరినూనె సీసాలో పేరుకొనుట ప్రతి యింటను చూచునదే. ఎండలో నుంచిన అది తిరిగి కరగును. దాని గుణమేమియు చెడదు. డీజిలులో కూడ సహజముగ కొంత మైనము కరిగియుండును. చలి హెచ్చినకొలది మొదట ఆ మైనము సన్నని పలుకులుగ ఏర్పడి డీజిలు మసకబారును. చలి యింకను పెరిగినచో ఆ పలుకులు ఫిల్టరు రంధ్రములను మూసివేయును. కడకు డీజిలు పారుటయే మానును.

ఈ మార్పు ఏ ఉష్ణోగ్రత వద్ద జరుగునన్నదే ముఖ్యమైన విషయము. మన దేశమున డీజిలు ఐ.ఎస్. 1460 అను భారతీయ ప్రమాణమునకు లోబడి తయారగును. ఆ ప్రమాణమున నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు శీతకాలము. తక్కిన ఎనిమిది నెలలు వేసవిగ లెక్క. శీతకాలపు డీజిలు 6 డిగ్రీల వరకైనను ఫిల్టరు గుండ సాగవలెను. 3 డిగ్రీల వరకైనను పారవలెను. వేసవి డీజిలుకు ఈ హద్దులు 18 డిగ్రీలు, 15 డిగ్రీలు. అనగా చలికాలమున బంకులో అప్పుడప్పుడు కొనిన డీజిలుకు మన ప్రాంతపు చలివలన సాధారణముగ ప్రమాదము లేదు. ఏ మందును కలుపకయే అది పని చేయును.

అయితే ఇందులోనే ఒక హెచ్చరిక కూడ ఉన్నది. కొన్ని పంచాయతీలు సెప్టెంబరు, అక్టోబరు నెలలలో డ్రమ్ముతో డీజిలు తెచ్చి నిలువచేసికొనును. అది వేసవి హద్దులకు లోబడిన డీజిలు. జనవరి రాత్రి 9 డిగ్రీల చలిలో అట్టి డీజిలు మైనమును విడిచి ఫిల్టరును పట్టుటకు అవకాశము కలదు. అందుచేత పాత నిలువను చలి ముదురకముందే వాడి, చలి నెలలకు ఆ నెలలలోనే డీజిలు కొనుట శ్రేయస్కరము. ఈ జాగ్రత్తకు పైసా ఖర్చులేదు.

ఒకే రహదారి, వేరువేరు చలులు

నిజాంపేటకు సమీపముననున్న రామాయంపేట మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది. శ్రీనగరు నుండి కన్యాకుమారి వరకు గల రహదారి యిదే. ఈ మార్గమున మన ప్రాంతపు లారీలు ఉత్తరమునకు పోవుచుండును. మన యెద్ద 10 డిగ్రీల చలియున్న రాత్రి కాశ్మీరమున నీరు గడ్డకట్టును. ఇచ్చట ట్యాంకు నింపుకొని పోయి, అచ్చట రాత్రి నిలిపిన లారీకి మైనపు బాధ నిజమైనది. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ లడఖ్ ప్రాంతము కొరకు ప్రత్యేకమైన శీతకాలపు డీజిలును ప్రవేశపెట్టుటకు కారణమిదే. అది సున్నకు దిగువ 33 డిగ్రీల వరకు ప్రవాహ గుణమును కోల్పోదు.

అట్టి చోటులకు పోవు లారీ యజమాని దక్షిణమున నింపిన డీజిలును దారిలోనే చాలవరకు వాడి, చలి సీమలో అచ్చటి డీజిలు నింపుకొనవలెను. అది దొరకని యెడల మైనపు పలుకులను పెరుగనీయని మందు అక్కరకు వచ్చును. కాని ఆ మందును మైనము పుట్టకముందే, డీజిలు వెచ్చగ నున్నప్పుడే కలుపవలెను. పేరుకొనిన మైనమును అది తిరిగి కరిగింపదు. ఊరు దాటని పంచాయతీ ట్రాక్టరుకు ఈ మందుతో పనిలేదు.

మరి ఉదయమున ఇంజను ఏల మొరాయించును?

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని అణచినప్పుడు పుట్టు వేడిమికే డీజిలు మండును. ఇంజను వేగముగ తిరిగినగాని ఆ వేడిమి పుట్టదు. చలిలో బ్యాటరీ బలము తగ్గును. ఆయిలు చిక్కబడి ఇంజను బరువుగ తిరుగును. అణగిన గాలి వేడి చల్లని లోహములోనికి పోవును. పాత బ్యాటరీ వేసవిలో ఎట్లో నెట్టుకొని వచ్చినను, చలిలో దాని లోపము బయటపడును.

లోపమెచ్చటనున్నదో ఈ గురుతులనుబట్టి కొంతవరకు గ్రహింపవచ్చును. సెల్ఫు వేసినప్పుడు ఇంజను మెల్లగ, ఈడ్చుకొని తిరిగినచో బ్యాటరీని, దాని తీగల బిగింపును, ఆయిలును చూడవలెను. బాగుగ తిరిగియు పొగగొట్టమున పొగ యేమియు రాకున్నచో డీజిలు అందుటలేదని అర్థము. ఫిల్టరు మూసికొని యుండవచ్చును, గాలి గాని నీరు గాని చేరియుండవచ్చును. తెల్లని పొగ వచ్చుచు అంటుకొనకున్నచో డీజిలు అందుచున్నది కాని మండుటలేదు. వేడిచేయు ప్లగ్గులున్న ఇంజనులో వానిని, లేనిచో ఇంజెక్టర్లను, సిలిండరు బిగువును మెకానిక్కుచే పరీక్షింపజేయవలెను. వీనిలో ఏ లోపమును సీసా మందు సరిచేయజాలదు.

నీటివలన కీడు

మన ప్రాంతమున మైనముకంటె నీరే ఎక్కువ కీడు చేయును. సగము ఖాళీగనున్న ట్యాంకులోని గాలి రాత్రి చల్లబడి, ఆ గాలిలోని తేమ గోడలపై చెమర్చి డీజిలులో దిగును. నీరు డీజిలుకంటె బరువైనది గావున అడుగున చేరును. అది పంపునకు, ఇంజెక్టర్లకు త్రుప్పు పట్టించును. నీరు, డీజిలు కలియు చోట సూక్ష్మజీవులు పెరిగి నాచువంటి జిగట నేర్పరచును. ఆ జిగటయే ఫిల్టరును మూసివేయును. దానినే పలువురు “డీజిలు గడ్డకట్టిన”దని భ్రమపడుచుందురు.

కావున ట్యాంకును ఉదయమునగాక, సాయంకాలము పని ముగిసిన వెంటనే నింపవలెను. ఫిల్టరు క్రింది మరను వదులుచేసి, అడుగుననున్న నీటిని వారమునకొకసారియైన తీసివేయవలెను. డ్రమ్మును నీడలో, కప్పు క్రింద నుంచవలెను. డ్రమ్ము అడుగుననున్న కొద్దిపాటి డీజిలును ట్రాక్టరులో పోయరాదు. డబ్బా, గరాటు శుభ్రముగ నుండవలెను.

బంకులో కూడ కొనుగోలుదారునకు హక్కులు కలవు. ముద్రవేసిన 5 లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులో నుండవలెను; కొలతపై సందేహము కలిగినచో దానితో కొలిచి చూపుమని అడుగవచ్చును. డీజిలు సాంద్రతను పరీక్షించి చూపుమనియు కోరవచ్చును.

ఇంజను ఆయిలు ఎన్నిక

ఆయిలు డబ్బాపై 15డబ్ల్యు-40, 20డబ్ల్యు-40 అను గురుతులుండును. “డబ్ల్యు” అను అక్షరము ఆంగ్లమున శీతకాలమను మాటకు మొదటిది. దానికి ముందున్న సంఖ్య ఎంత చిన్నదైన, ఆ ఆయిలు చలిలో అంత సులువుగ కదలును. చివరి సంఖ్య ఇంజను వేడెక్కిన పిదప ఆయిలు చిక్కదనమును తెలుపును. 15డబ్ల్యు ఆయిలును సున్నకు దిగువ 20 డిగ్రీల వద్దను, 20డబ్ల్యు ఆయిలును సున్నకు దిగువ 15 డిగ్రీల వద్దను పరీక్షింతురు. మన చలికి ఈ రెండును చాలును. “డబ్ల్యు” లేని ఒంటి సంఖ్యగల చిక్కని ఆయిలు మాత్రము ఉదయపు చలిలో ఇంజనుకు భారమగును.

తయారీదారు పుస్తకమున ఏ రకము చెప్పబడినదో దానినే కొనవలెను. గంటలు దాటిన ఆయిలు నల్లబడి చిక్కనగును. గడువునకు దానిని మార్చుటయే చలికి మంచి చికిత్స. మంచి ఆయిలులో మసిని కడుగు, అరుగుదలను ఆపు ద్రవ్యములు తగు పాళ్లలో ముందే కలిసియుండును. దానిపై మరియొక సీసా పోసినచో ఆ పాళ్లు చెడవచ్చును. గేరు, హైడ్రాలికు ఆయిలు వేరు, ఇంజను ఆయిలు వేరు; ఒకదాని స్థానమున మరియొకటి పోయరాదు.

సీసాలలో నేమున్నది?

అన్ని సీసాలును మోసము కావు. ఒక్కొక్క మందుకు ఒక్కొక్క పని కలదు. ఇంజెక్టర్లను కడుగు మందు మసిపట్టిన పాత ఇంజనుకు కొంత ఉపకరింపవచ్చును. త్వరగ మండించు మందు నాసిరకపు డీజిలుకు అక్కరకు వచ్చును. కాని 2020 ఏప్రిల్ నుండి దేశమంతట అమలులోనికి వచ్చిన బి.ఎస్. 6 ప్రమాణపు డీజిలుకు ఆ గుణము ముందే నిర్ణయింపబడియున్నది. మైనమును ఆపు మందు మంచు సీమలకు. సర్వరోగములకు ఒకే సీసా అని చెప్పినచో మాత్రము ఆ మాటను నమ్మరాదు. కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలెను: ఇది ఏ లోపమునకు? ఆ లోపము మన ఇంజనులో కలదని ఎవరు పరీక్షించిరి? తయారీదారు పుస్తకము దీనిని అనుమతించుచున్నదా?

ఒక సీసా ధర 300 రూపాయలనుకొని, వారమునకొకటి చొప్పున నాలుగు చలి నెలలకు లెక్కించినచో 17 సీసాలకు 5,100 రూపాయలగును. ఆ సొమ్ము క్రొత్త ఫిల్టర్లకు, గడువు ఆయిలుకు, బ్యాటరీ మరమ్మతునకు ఉపయోగపడును.

చేయరాని పనులు

డీజిలును పలుచన చేయుటకు కిరోసిను గాని పెట్రోలు గాని కలుపరాదు. కిరోసినుకు జిడ్డు తక్కువగుటచే పంపు, ఇంజెక్టర్లు అరిగిపోవును. పెట్రోలు కలిసిన డీజిలుకు నిప్పు సులువుగ అంటుకొనును. ఇంజను క్రింద గడ్డిమంట పెట్టరాదు. డీజిలు కారినచో బండియు, మనిషియు దగ్ధమగుదురు. వేడిచేయు ప్లగ్గులున్న ఇంజనులో ఈథరు స్ప్రే కొట్టరాదు, అది ప్రేలును. క్రొత్త లారీలలో వాడు యూరియా ద్రవమును డీజిలు ట్యాంకులో పోయరాదు; అది ఇంధన వ్యవస్థనంతను చెరచును.

పంచాయతీ చేయదగిన యేర్పాటు

అక్టోబరు సమావేశముననే ట్రాక్టరు విషయము చర్చకు తీసికొనవలెను. బ్యాటరీని పరీక్షింపజేసి, ఫిల్టర్లను, ఆయిలును గడువు ననుసరించి మార్పింపవలెను. పాత డ్రమ్ము డీజిలును నవంబరు లోపల వాడివేయవలెను. ఒక పుస్తకమున కొనిన డీజిలు, నడచిన గంటలు, నీరు తీసిన దినము, ఆయిలు మార్చిన దినము వ్రాయించి, ప్రతి నెల సభ్యులు చూడవలెను. మందు సీసాకు బిల్లు వచ్చినచో, అది ఏ లోపమునకు కొనబడినదో మెకానిక్కు వ్రాతతో జతచేయవలెనని తీర్మానించుట మంచిది.

ఉదయపు చలిలో బండిని కదలించువాడు డ్రైవరు. అతడు చెప్పు గురుతులను సభ్యులు శ్రద్ధతో వినవలెను. అతడు బ్యాటరీ కావలెనన్నప్పుడు వాయిదావేసి, సీసాకు మాత్రము వెంటనే సొమ్మిచ్చుట పొదుపు కాదు. పంచాయతీ సొమ్ము గ్రామస్థులు చెల్లించు పన్నులనుండి కూడ వచ్చినది. అది ఇంజనుకు నిజముగ వలసిన వస్తువునకే వినియోగపడునట్లు చూచుట సభ్యుల విధి.